పెళ్లికి ముందు ముక్కు ఆపరేషన్ చేయించుకోవాలా? ముందు ఆ ఎడమ పక్క ఊపిరి సంగతి చూడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇరవై నాలుగేళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంకో మూడు నెలల్లో పెళ్లి. ముక్కు కొన లావుగా, పుటాలు వెడల్పుగా ఉన్నాయని కాలేజీ రోజుల నుంచీ మీకు కొంచెం బాధ ఉంది. నిశ్చితార్థం రోజు అబ్బాయి మేనత్తగారు "పిల్ల లక్షణంగా ఉంది, ముక్కే కాస్త..." అని ఆగిపోయారట, అప్పటి నుంచి సెల్ఫీ తీసుకున్నప్పుడల్లా ముందు ముక్కే కనిపిస్తోందట. సర్జరీ మేలా ఫిల్లర్ (సూదితో చర్మం కింద నింపే జెల్) మేలా, పెళ్లిలోపు అంతా సర్దుకుంటుందా, ఆఫీసుకు ఎన్నాళ్లు సెలవు పెట్టాలి, ఇన్సూరెన్స్ వస్తుందా, ముక్కుపుడక మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చు, ఇవీ మీరు అడిగినవి. అన్నీ అడిగేశాక చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు ఇంకో మాట రాశారు: పదేళ్లప్పుడు మెట్ల మీద నుంచి పడ్డారని, అప్పటి నుంచి ఎడమ పక్క ఎప్పుడూ మూసుకుపోయినట్టే ఉంటుందని, రాత్రి ముక్కులో చుక్కలు వేసుకోకపోతే నిద్ర పట్టదని.

నా కళ్లు ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాయి. ఈఎన్‌టీ సర్జన్‌గా ఇరవై ఏళ్లు దాటింది, అందులో సగం పైన ముక్కు ఆపరేషన్లతోనే గడిచింది, ఈ మధ్య కాలంలో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇంకోచోట ఒకసారి చేయించుకుని బాగుచేయమని వచ్చేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఒకటే: "ఫొటోలో బాగానే ఉంది డాక్టర్, ఊపిరే ఆడట్లేదు." అందుకే మీ ప్రశ్నలకు మీరు అడిగిన వరసలో కాకుండా, నాకు ముఖ్యం అనిపించిన వరసలో జవాబు చెబుతాను.

ముక్కు లోపల ఏముందో కాస్త తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. పైన కళ్ల మధ్య ఉండే మూడో వంతు ఎముక. మధ్య భాగమూ, కింద కొనా మెత్తటి ఎముకతో, అంటే కార్టిలేజ్‌తో కట్టినవి. ఈ మొత్తాన్నీ లోపలి నుంచి నిలబెట్టేది ముక్కు దూలం, అంటే రెండు రంధ్రాల మధ్య ఉండే గోడ. ఇంటికి దూలం ఎలాగో ముక్కుకి అది అలాగే, వంకరైతే ఒక గది ఇరుకవుతుంది. దూలానికీ, మధ్య భాగంలో పక్కనుండే కార్టిలేజ్‌కీ నడుమ సన్నటి సందు ఒకటి ఉంటుంది, గాలి దారిలో అన్నిటికంటే ఇరుకైన చోటు అదే. అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గినా మనిషికి తెలుస్తుంది. బయట నుంచి చూసి "ఇక్కడ కాస్త సన్నం చేస్తే బాగుంటుంది" అనుకునే చోటు సరిగ్గా దాని పైనే ఉంటుంది. ముక్కు అందం ఆపరేషన్‌లో ఉన్న కష్టమంతా ఇదే.

మీ ఎడమ పక్క సంగతి. మామూలుగా ఎవరికైనా రెండు రంధ్రాల్లో ఒకటి కొంచెం బిగుసుకుని ఇంకోటి తెరుచుకుని ఉంటుంది, కొన్ని గంటలకోసారి అవి వంతులు మార్చుకుంటాయి, దానికి కంగారు పడక్కర్లేదు. ఎప్పుడూ ఒకే పక్క మూసుకుపోతుంటే మాత్రం, అదీ చిన్నప్పుడు దెబ్బ తగిలాక మొదలైతే, దూలం వంకర పోయి ఉండే అవకాశం ఎక్కువ. దానికి తోడు మీకు చుక్కల మందు అలవాటైంది. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ లాంటి చుక్కలు నాలుగైదు రోజులకు మించి వాడితే మందు దిగిపోగానే లోపలి పొర ముందుకంటే ఎక్కువ వాస్తుంది, మళ్లీ చుక్కలు వేసుకోవాల్సి వస్తుంది, ఇలా ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లను చూశాను. మందుల షాపులో అడగగానే ఇచ్చేస్తారు కాబట్టి ఇదొక సమస్యని ఎవరికీ తోచదు. ఎలర్జీ కూడా ఉందేమో చూడాలి. ఖాళీ స్థలాల్లో, రోడ్ల పక్కన మొలిచే వయ్యారిభామ పుప్పొడి పడనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు లోపలి పొర ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. ఎలర్జీని అదుపులోకి తేకుండా కత్తి పెడితే ఆపరేషన్ ఎంత బాగా జరిగినా మూసుకుపోయినట్టే ఉంటుంది, నింద మాత్రం ఆపరేషన్ మీద పడుతుంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. అద్దం ముందు నిలబడి ముక్కు పక్కన చెంప మీద వేలు పెట్టి చర్మాన్ని మెల్లగా చెవి వైపు లాగి, ఆ పక్క నుంచి గాలి పీల్చండి. అందరికీ ఎంతో కొంత తేలికవుతుంది. మూసిన తలుపు తీసినట్టు ఒక్కసారిగా గాలి ఆడితే, ఇందాక చెప్పిన ఆ ఇరుకు సందులోనే సమస్య ఉందేమోనని అనుమానించాలి. దీంతో నిర్ధారణ అయిపోదు, డాక్టర్ ఎండోస్కోపుతో లోపల చూడాలి, అవసరమైతే సీటీ తీయాలి. కానీ ఈ సంగతి మీరు ముందే గమనించి చెబితే చూసేవాళ్లకు చాలా ఉపయోగం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక అమ్మాయిని తీసుకొచ్చారు, మీ వయసే. ముక్కు మధ్యలో ఎత్తుగా, గద్ద ముక్కు అంటారే, అలా ఉండేది. సంబంధాలు తప్పిపోతున్నాయని తల్లి ఏడుపు, ముహూర్తాల్లోపు అయిపోవాలని తండ్రి తొందర. నేను ఆ ఎత్తు తీసేశాను. నెల తిరిగేసరికి అందరూ సంతోషపడ్డారు, స్వీట్లు తెచ్చి ఇచ్చారు. రెండేళ్ల తర్వాత ఆ అమ్మాయి చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. ముక్కు మధ్య భాగం రెండు పక్కలా నొక్కుకుపోయి ఉంది, రాత్రి పడుకుంటే ఈల వేసినట్టు శబ్దం, నోరు తెరిస్తే తప్ప ఊపిరి లేదు. ఎత్తు తీసేటప్పుడు మధ్య భాగానికి రెండు పక్కలా కార్టిలేజ్ పట్టీలతో ఊతం ఇవ్వాలి, నేను ఇవ్వలేదు. తప్పు నాది. నా కంటే అనుభవం ఉన్న సీనియర్ దగ్గరికి పంపి, ఆవిడ పక్కటెముక నుంచి కార్టిలేజ్ తీసి నిలబెడుతుంటే పక్కన నిలబడి చూశాను. పది నిమిషాల్లో తీసేసినదాన్ని తిరిగి కట్టడానికి ఐదు గంటలు పట్టింది. ఆ రోజు నుంచి ఏ ముక్కులోనైనా "ఎంత తీయాలి" అనేదాని కంటే ముందు "ఏది ఉంచాలి" అని చూసుకోవడం అలవాటైంది, మీరు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మాట అడగండి: "నా ముక్కులో మీరు ఏం తీస్తారు, తీసినచోట దేనితో నిలబెడతారు?" దీనికి సూటిగా బొమ్మ గీసి చూపించే డాక్టర్ దొరికితే అక్కడ ఆగి మాట్లాడొచ్చు.

నిజానికి ముక్కు ఆపరేషన్ మన దేశంలో పుట్టింది తిరిగి కట్టడానికే. తెగిన ముక్కును పక్కనున్న చర్మంతో కట్టే పద్ధతి సుశ్రుతుడి కాలం నుంచే ఉంది. టిప్పు సుల్తాను సైనికుల చేతిలో ముక్కు పోగొట్టుకున్న కావస్జీ అనే బండి తోలేవాడికి పుణె వైపు ఒక వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో అచ్చయింది, అది చదివే 1814లో కార్ప్యూ అనే సర్జన్ ఇంగ్లండులో ఈ ఆపరేషన్ చేశాడు. అందం కోసం చేయడం ఆ తర్వాత చాలా కాలానికి మొదలైంది.

ఇక రూపం సంగతి. సెల్ఫీ చూసి నిర్ణయం తీసుకోకండి. ఫోన్ మొహానికి అడుగు దూరంలో ఉంటే దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదిగా, దూరంగా ఉన్న చెవులు చిన్నవిగా పడతాయి. ఐదడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే అడుగు దూరం సెల్ఫీలో ముక్కు అడుగు భాగం దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో డాక్టర్లు లెక్కకట్టి ప్రచురించారు. మీ ముక్కు నిజంగా ఎలా ఉందో తెలియాలంటే ఎవరినైనా ఐదారడుగుల దూరంలో నిలబడి, కాస్త జూమ్ చేసి, ఎదురుగా, రెండు పక్కల నుంచి, గడ్డం పైకెత్తి కింద నుంచి తీయమనండి. ఈ పని చేశాక "ఇంతేనా" అని వెళ్లిపోయినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు.

అలా చూశాక కూడా నచ్చకపోతే అది న్యాయమైన కోరికే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మన దగ్గర ముక్కులు ఎలా ఉంటాయో తెలిసిన డాక్టర్ మాత్రం కావాలి. తెలుగువాళ్లలో చాలామందికి కొన దగ్గర చర్మం మందంగా, జిడ్డుగా ఉంటుంది, లోపలి కార్టిలేజ్ మెత్తగా ఉంటుంది, పైన వంతెన, అంటే కళ్ల మధ్య నుంచి కొన దాకా దిగే గట్టు, కాస్త అణిగి ఉంటుంది. మందపాటి దుప్పటి కింద ఏ బొమ్మ పెట్టినా దాని అంచులు పైకి కనిపించవు కదా, ఇదీ అలాగే. లోపల ఎంత చెక్కినా పైన కోటేరు ముక్కు రాదు. రావాలని ఇంకా ఇంకా తీసేస్తే లోపల ఆసరా పోతుంది, ఖాళీ అయిన చోట చర్మం కింద మచ్చ కండ పెరుగుతుంది, చివరికి కొన ముందుకంటే ఉబ్బుగా కనిపిస్తుంది. మీలాంటి ముక్కుకి చాలాసార్లు పనిచేసేది తీయడం కాదు, వంతెన కొంచెం ఎత్తు చేసి కొనకు ఊతం ఇవ్వడం. ఎత్తు పెరిగేసరికి వెడల్పు తక్కువగా అనిపిస్తుంది. పుటాల వెడల్పు కళ్ల లోపలి కొనల మధ్య దూరమంత ఉండాలని ఒక కొలత చెబుతారు, అది యూరప్ మొహాలు చూసి రాసుకున్నది, మన మొహాల్లో అంతకంటే కాస్త వెడల్పుగా ఉన్నా చక్కగా అమరుతుంది.

పుటాలు తగ్గించమంటే చాలామందికి అది చిన్న పనిలా అనిపిస్తుంది. ముక్కు, చెంప కలిసే మడతలో చిన్న ముక్క తీసి కుట్టేస్తారు, నిజమే. కానీ ఎక్కువ తీస్తే రంధ్రం ఇరుకైపోతుంది, దాన్ని మళ్లీ పెద్దది చేయడం చాలా కష్టం. చెవులు కుట్టించినప్పుడో, దెబ్బ తగిలినప్పుడో మచ్చ ఉబ్బి గడ్డలా పెరిగిన అలవాటు మీ ఒంటికి ఉంటే ఈ మాట డాక్టర్‌కి ముందే చెప్పండి. ఇంకో సంగతి, పక్క నుంచి తీసిన ఫొటోలో గడ్డం వెనక్కి ఉంటే ముక్కు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. మంచి డాక్టర్ ముక్కు ఒక్కటే చూడడు, నుదురూ గడ్డమూ కలిపి చూస్తాడు.

వంతెన ఎత్తు చేయడానికి ఏం పెడతారో తప్పకుండా అడగండి. మీ సొంత కార్టిలేజ్ అయితే ముక్కు దూలం నుంచో, చెవి నుంచో, పక్కటెముక నుంచో తీస్తారు. సొంతది కాబట్టి శరీరం సులువుగా ఒప్పుకుంటుంది. పక్కటెముకది కాలక్రమంలో కాస్త వంగొచ్చు, తీసినచోట ఒక మచ్చ, కొన్ని రోజులు నొప్పి ఉంటాయి. సిలికాన్ ముక్క పెడితే ఆపరేషన్ త్వరగా అయిపోతుంది, ఖర్చు కూడా తగ్గొచ్చు, కానీ అది పరాయి వస్తువు, ఏళ్ల తర్వాత కూడా ఇన్‌ఫెక్షన్ రావచ్చు, చర్మం పల్చబడి బయటికి తోసుకురావచ్చు. నా మటుకు నేను సిలికాన్ పెట్టను. పెట్టి మంచి ఫలితాలు తెచ్చే డాక్టర్లు ఉన్నారు, ముఖ్యంగా తూర్పు ఆసియా దేశాల్లో, అది వాళ్ల అనుభవం. కానీ ఏం పెడుతున్నారో మీకు చెప్పకుండా ఎవరూ పెట్టకూడదు, కాగితం మీద రాసి ఉండాలి.

ఫిల్లర్ గురించి గట్టిగానే చెబుతాను. "కోత లేదు, అరగంటలో అయిపోతుంది, సాయంత్రం ఫంక్షన్‌కి వెళ్లొచ్చు" అని బ్యూటీ క్లినిక్కుల్లో చెబుతారు. మొదటిది, ఫిల్లర్ దేన్నీ చిన్నది చేయదు, ఇంకొంత నింపుతుంది. మీ బాధ వెడల్పు గురించి, దానికి ఫిల్లర్ చేయగలిగింది తక్కువ. రెండోది, మొహంలో ఫిల్లర్ వేసే చోట్లలో ముక్కు చాలా ప్రమాదకరమైనది. అక్కడి రక్తనాళాలకు కంటి రక్తనాళాలతో సంబంధం ఉంది, పొరపాటున సూది నాళంలోకి వెళితే ముక్కు మీది చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు, అరుదుగానే అయినా చూపు పోయిన ఘటనలు ప్రపంచమంతటా నమోదయ్యాయి. ఎవరైనా వేస్తామంటే హయలురోనిడేజ్ అనే విరుగుడు మందు ఆ గదిలోనే ఉందా, చర్మం తెల్లబడితే వెంటనే ఏం చేస్తారు అని అడగండి. తడబడితే లేచి వచ్చేయండి. ఒకసారి ముక్కుకు ఆపరేషన్ అయినవాళ్లకైతే రక్తనాళాల దారులు మారిపోయి ఉంటాయి కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లేదా డీఎన్‌బీ చేసినవాళ్లు, లేదా ఈఎన్‌టీలో ఎం.ఎస్. చేసి ముక్కు ఆపరేషన్లలో ప్రత్యేకంగా శిక్షణ తీసుకున్నవాళ్లు. బోర్డు మీద కాస్మటాలజిస్ట్, ఏస్తటిక్ ఫిజీషియన్ అని ఉన్నంత మాత్రాన వాళ్లు సర్జన్లు కారు. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో ఉందో లేదో చూసుకోవచ్చు, అడగడానికి మొహమాటపడకండి. వాళ్లు చేసినవాళ్ల ఫొటోలు చూపించమన్నప్పుడు నెల తర్వాత తీసినవి కాదు, ఏడాది దాటాక తీసినవి చూపించమనండి, అదీ మీలాంటి చర్మం, మీలాంటి ముక్కు ఉన్నవాళ్లవి. కంప్యూటర్‌లో మీ మొహం మీద కొత్త ముక్కు పెట్టి చూపిస్తారు, అది మీ మనసులో ఏముందో వాళ్లకు తెలియడానికి పనికొస్తుంది తప్ప అది హామీ కాదు. హీరోయిన్ ఫొటో తీసుకెళ్లి ఇలా కావాలనడం కంటే, నాకు నచ్చనిది ఇదీ అని ఒకటి రెండు మాటల్లో చెప్పగలగడం మేలు. నాకు అన్నిటికంటే భయం "మీకు ఏది బాగుంటే అదే చేసేయండి డాక్టర్" అనేవాళ్లతోనే.

ఆపరేషన్ ఎక్కడ చేస్తారు, పూర్తి మత్తు ఇచ్చేది అనస్థీషియా డాక్టరేనా, రాత్రి పన్నెండింటికి రక్తం కారితే ఫోన్ ఎత్తేదెవరు, మళ్లీ సరిచేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది, ఇవి ముందే మాట్లాడుకోండి. మళ్లీ సరిచేయడం అరుదైన సంగతి కాదు. మంచి చేతుల్లో కూడా నూటికి ఐదు నుంచి పదిహేను మందికి ఎంతో కొంత అవసరం పడుతుందని సాధారణంగా చెప్పే లెక్క. అది కూడా కనీసం ఏడాది ఆగి చేయాలి. "మా దగ్గర ఒక్కరికీ రాలేదు" అని ఎవరైనా అంటే వాళ్లు చేసినవాళ్లను తర్వాత చూడట్లేదని అర్థం.

ఇన్సూరెన్స్: అందం కోసం చేసేదానికి రాదు, అన్ని పాలసీల్లోనూ ఇది మినహాయింపే, ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ వల్ల తిరిగి కట్టాల్సి వస్తే తప్ప. పైగా అందం ఆపరేషన్ బిల్లు మీద జీఎస్టీ కూడా పడుతుంది. దూలం వంకర సరిచేయడం మాత్రం వైద్యమే, దానికి వస్తుంది. సొంతంగా తీసుకున్న పాలసీల్లో చాలావాటికి మొదటి రెండేళ్లు దీనికి ఇవ్వరు, కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీలో ఆ ఆంక్ష తరచుగా ఉండదు, మీ హెచ్ఆర్‌ని అడగండి. రెండూ కలిపి చేస్తే బిల్లు విడగొట్టి రాయమనాలి. మొత్తాన్నీ దూలం ఆపరేషన్‌గా రాసేస్తాం, డబ్బు వచ్చేస్తుంది అని చెప్పేచోట చేయించుకోకండి, అది మోసం, కాగితం మీద అబద్ధం రాసేవాళ్లు ఆపరేషన్ నోట్సులో ఏం రాస్తారో కూడా చెప్పలేం.

చేయించుకోవాలని తేల్చుకున్నాక ముందు జాగ్రత్తలు. పొగ అలవాటుంటే కనీసం నెల ముందు మానాలి, మీకు లేకపోవచ్చు, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. యాస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, చేప నూనె, విటమిన్ ఇ, వెల్లుల్లి క్యాప్సూల్స్, ఆయుర్వేదం, హోమియో, ఏది వాడుతున్నా రాసుకెళ్లి చూపించండి, కొన్ని రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. గుండె డాక్టర్ రాసిన మందులైతే సొంతంగా ఆపకూడదు, ఆయన్ని అడిగే ఆపాలి. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడి ఉంటే అదీ చెప్పాలి. బీపీ, షుగర్, రక్తం గడ్డకట్టే పరీక్షలు, అవసరాన్ని బట్టి ఈసీజీ చేస్తారు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు అంటే తినకూడదనే, టీ చుక్కైనా సరే, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత రోజులు ఎలా ఉంటాయో చెబుతాను. నొప్పి అందరూ భయపడేంత ఉండదు, కానీ ముక్కు పూర్తిగా మూసుకుపోయి నోటితో ఊపిరి తీయాల్సి రావడం, గొంతు ఎండిపోవడం, ఇవి విసిగిస్తాయి. రెండో రోజు, మూడో రోజు కళ్ల కింద వాపు, కమిలిన నీలం రంగు బాగా ఎక్కువగా ఉంటాయి, అద్దంలో చూసుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. వారం తర్వాత, ముక్కు కదలకుండా దాని మీద పెట్టిన గట్టి అచ్చు తీస్తారు. తీయగానే కనిపించే ముక్కు మీ ముక్కు కాదు, ఉబ్బి, కొన పైకి లేచి, పరాయిగా ఉంటుంది. ఆ రెండో వారంలో చాలామందికి మనసు బాగా కుంగుతుంది, ఎందుకు చేయించుకున్నానా అనిపిస్తుంది, ఇది ఇంట్లోవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి, ఆ రోజుల్లో "ముందే బాగుండేది" అనే మాట ఒక్కటి పడితే చాలు.

ఆఫీసుకు పది రోజుల నుంచి రెండు వారాలు సెలవు పెట్టుకోండి, ఇంటి నుంచి పనైతే వారం తర్వాత చేసుకోవచ్చు, కెమెరా ఆపేసి. మూడు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. అందుకే పోపు ఘాటు ఉన్నప్పుడు వంటింటి వైపు వెళ్లకండి, ఎండుమిర్చి వేయించిన రోజు తుమ్మి తుమ్మి రక్తం తెచ్చుకున్న పేషెంట్ నాకు బాగా గుర్తుంది. బరువులెత్తడం, వంగి ఊడవడం, జిమ్ముకు వెళ్లడం ఒక నెల వద్దు. కళ్లజోడు ముక్కు మీద ఆననివ్వకూడదు ఆరు వారాలు. స్కూటీ మీద వెళితే హెల్మెట్ పెట్టుకునేటప్పుడూ తీసేటప్పుడూ ముక్కుకు రాసుకుంటుంది, హెల్మెట్ లేకుండా వెళ్లమని నేను చెప్పను, బండే వద్దు, అన్నాళ్లూ బస్సో మెట్రోనో చూసుకోండి. తల మీద నుంచి తొడుక్కునే బట్టలకు బదులు ముందు గుండీలున్నవి వేసుకోండి. ఎండలో తిరగకండి, కమిలిన చోట నల్లటి మచ్చ పడిపోతుంది.

ముక్కుపుడక ఆపరేషన్‌కి ముందే తీసేయాలి. మళ్లీ పెట్టడం ఆరు వారాలు దాటాక, అదీ డాక్టర్ చూసి సరే అన్నాకే. ఈలోగా రంధ్రం పూడుకుపోవచ్చు, మళ్లీ కుట్టించాల్సి వస్తే ఇంకొన్ని నెలలు ఆగి కుట్టించండి. పుటాలకు కోత పెడితే పాత రంధ్రం ఉన్నచోటు కొంచెం జరిగినట్టు అనిపించొచ్చు, పుడక ఏ పక్క పెట్టుకుంటారో డాక్టర్‌కి ముందే చూపించండి. ఈ సంగతి మగ డాక్టర్లు చాలామంది అడగరు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే పొద్దున చూద్దాం అనుకోకూడదు: మందులు వేసుకున్నా నొప్పి పెరుగుతూ రెండు పక్కలా ఒక్కసారిగా పూర్తిగా మూసుకుపోవడం, రక్తం ధారగా ఆగకుండా కారడం, జ్వరంతో పాటు ముక్కు ఎర్రబడి వేడెక్కడం, చూపులో ఏ తేడా అయినా, తల వంచితే నీళ్లలాంటిది కారడం. మొదటిది దూలం పొరల మధ్య రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ రాత్రే తీయకపోతే దూలం కరిగి ముక్కు మధ్యలో కూలిపోవచ్చు.

ఇప్పుడు పెళ్లి సంగతి. మూడు నెలల్లో కుదురుతుందా అంటే, చూసేవాళ్లకు తేడా తెలియనంతగా నెలా నెలన్నరలో తగ్గిపోతుంది కాబట్టి కుదురుతుందనే చెబుతారు. కానీ మీలాంటి మందపాటి చర్మంలో కొన వాపు పూర్తిగా దిగడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది. అంటే జీవితాంతం గోడ మీద ఉండే పెళ్లి ఫొటోల్లో మీ పాత ముక్కూ ఉండదు, కొత్త ముక్కూ ఉండదు, మధ్యలోది ఉంటుంది. పెళ్లంటే హోమం పొగ, అక్షింతలు, నిద్రలేని రాత్రులు, మీద పడి కావలించుకునే చుట్టాలు, ఇవన్నీ ఉన్నాయి. చిన్న ఇన్‌ఫెక్షన్ వచ్చినా, అనుకోనిది ఏదైనా జరిగినా సర్దుకునే వ్యవధి లేదు. నా దగ్గరికి వస్తే పెళ్లికి ముందు చేయను.

ఇంకో ప్రశ్న మీరు అడగలేదు, నేనే అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. ఆ మేనత్తగారు ఆ మాట అనక ముందు మీరు ఎప్పుడైనా ఏ డాక్టర్‌నైనా కలిశారా? కలవలేదంటే ఈ తొందర మీది కాదు, ఆవిడది. అబ్బాయితో ఈ విషయం మాట్లాడారో లేదో మీరు రాయలేదు. మాట్లాడండి, రేపు పెళ్లయ్యాక చేయించుకున్నా రెండు వారాలు మీ పక్కన ఉండాల్సింది అతనే. ఒకవేళ రోజులో గంటల తరబడి అద్దం ముందే గడుస్తుంటే, ముక్కు కారణంగా బయటికి వెళ్లడం, ఫొటోలు దిగడం మానేస్తుంటే, సర్జన్ కంటే ముందు ఒక సైకియాట్రిస్ట్‌ని కలవడం మంచిది. అలాంటి బాధ ఆపరేషన్‌తో తగ్గదు, ముక్కు మారాక ఇంకో చోటికి పోతుంది, నేను చూశాను.

మీకు ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. ఒక ఈఎన్‌టీ డాక్టర్‌ని కలిసి ఎడమ పక్క లోపల చూపించుకోండి, చుక్కల మందు ఎన్నాళ్లుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి. ఆ చుక్కలు మాన్పించడానికి ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్లతో కడుక్కోవడం లాంటివి చెబుతారు, మొదటి వారం పది రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత తేలికవుతుంది, పెళ్లిలోపే మీకు ఆ తేడా తెలుస్తుంది. దూలం వంకర ఉందని తేలితే దాన్ని ఇప్పుడే విడిగా సరిచేయించేయకండి. ఆ దూలంలో ఉండే కార్టిలేజే రేపు మీ ముక్కు కొనను నిలబెట్టడానికి కావాలి, ముందే తీసి పారేస్తే చెవి మీదో పక్కటెముక మీదో పడాల్సి వస్తుంది. రూపం కూడా మార్చుకోవాలని ఉందని ఆ డాక్టర్‌తో చెప్పి, రెండూ ఒకేసారి, పెళ్లయి ఆరు నెలలు గడిచాక, అప్పటికీ మీకు ఇలాగే అనిపిస్తే చేయించుకోండి. ఎండోస్కోపీలో ఏం కనిపించిందో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం అడగాలో చెబుతాను.